మండలాఫీసు ఫ్యూజు

మార్చి 4, మంగళవారం

తాయారు వచ్చి వెళ్లింది. అలా రాస్తే ఏదో చుట్టపుచూపుకు వచ్చినట్టుంది. సీతన్నవలస నుంచి ఆటోలో వచ్చి, పిండిమర దగ్గర కట్టే చీరతోనే నా కరెంటు సెక్షన్ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. కనుబొమ్మల మీద కూడా పిండి. నిన్న మధ్యాహ్నం మా లైన్‌మన్ త్రినాథ్ ఆమె మరకు ఫ్యూజు పీకేశాడు. ఒక నెల బిల్లు కట్టలేదు. పీకాల్సిన సర్వీసుల జాబితా మీద, సెక్షన్ ఏఈగా, సంతకం నాది.

"కట్టకపోడం తప్పే, కాదన్ను. కోడలు కాన్పుకి ఆస్పత్రిలో పడింది, ఆ నెల కుదర్నేదు. ఇప్పుడు డబ్బులు కొంగులోనే ఉన్నాయి. అయినా ఒక మాట సెప్పు మేడమ్," అంది. "మా ఊరి నుంచి నీకాడికొచ్చే దార్లోనే మండలాఫీసు ఉన్నాది గదా. ఆళ్లు బిల్లు కట్టి ఎన్నేళ్లయినాదో పేపర్లో ఏసినారు. అక్కడ ఫేన్లు తిరుగుతన్నాయి, ఏసీలు ఆడతన్నాయి. నా మర ఆగిపోనాది. ఇదేటి నాయం?"

గవర్నమెంటు ఆఫీసుల బాకీల సంగతి పైవాళ్లు చూసుకుంటారని చెప్పాను.

"పైవోళ్లంటే ఎవులు? మీ ఆయన ఆ ఆఫీసులోనే గదా పన్జేస్తన్నాడు."

గదిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా ఏవో కాగితాలు వెతుక్కోవాల్సిన పని పడింది.

వెళ్తూ వెళ్తూ, మండలాఫీసు కట్టిన రోజే తనూ కడతానని చెప్పి పోయింది. కొంగు ముడి కూడా విప్పలేదు.

బెన్హర్ అక్కడ సీనియర్ అసిస్టెంటు మాత్రమే. బిల్లు కట్టాలా వద్దా అన్నది అతని చేతిలో లేదు. ఆ మాట తాయారుతో అనాల్సింది. అప్పుడు తోచలేదు.

మార్చి 5

బెన్హర్‌తో చెప్పలేదు. చెప్పడానికి ఏముంది గనక.

మార్చి 7, శుక్రవారం

సీతన్నవలసలో నిచ్చెన లాక్కున్నారు.

మార్చి నెలాఖరులోగా బాకీలన్నీ వసూలు కావాలని డివిజన్ ఇంజినీరు, మా డీఈ గారు రోజూ పొద్దున్నే టెలికాన్ఫరెన్సులో కేకలేస్తున్నారు. అందుకని త్రినాథ్‌ను మళ్లీ అదే ఊరికి పంపాను. తాయారును చూసి ఆ వీధిలో సగంమంది కట్టడం మానేశారు. త్రినాథ్ మొదటి స్తంభానికి నిచ్చెన ఆన్చేలోపే ఆడవాళ్లు వచ్చి దాన్ని మోసుకుపోయారట. అతన్ని మాత్రం ఏమీ అనలేదు. మంచం వేసి కూర్చోబెట్టి చోడంబలి ఇచ్చారు. నేను వెళ్లేసరికి మా లైన్‌మన్ రెండో గ్లాసు తాగుతున్నాడు.

"నిచ్చెన ఇవ్వరంట మేడమ్," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అంబలి మాత్రం ఎంతైనా ఇస్తారంట."

నిచ్చెన గవర్నమెంటు ఆస్తి అన్నాను. కేసు అవుతుందన్నాను. ఎవరూ కదల్లేదు. తాయారు ముందుకు వచ్చింది.

"కేసెట్టండి, కాదన్నాన్నేటి? మాకేం మీమీద కోపం నేదు తల్లీ. ముందు ఎల్లి మండలాఫీసు ఫ్యూజు పీకి రా. ఆ సాయంత్రమే ఊరంతా లైన్లో నిలబడి కట్టేస్తాం. ఒక్కిల్లు కట్టకపోతే నన్నడుగు."

"అలాగే," అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. ఎండగా ఉంది. తల నొప్పిగా ఉంది. వాళ్లందరూ నా మొహంలోకే చూస్తున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చున్న త్రినాథ్, "అలాగే అనీసినారేటి మేడమ్!" అన్నాడు.

నేను మాట ఇవ్వలేదు. అలాగే అన్నాను, అంతే. అలాగే అంటే విన్నాను అని కూడా అర్థం.

మార్చి 8, శనివారం

డీఈ గారి ఫోను. మండలాఫీసుకు ఫ్యూజు పీకుతానని జనం ముందు మాట ఇచ్చానట కదా అని అడిగారు. ఒక్క రోజులో అంత దూరం పాకింది. గవర్నమెంటు ఆఫీసులు వేరు, ఉత్తరాలు రాస్తూ ఉండండి చాలు అన్నారు. ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను సార్, నేను ఇక్కడ చేరినప్పటి నుంచీ రాస్తున్నాను అన్నాను.

"ఇంకొకటి రాయండి."

"వాళ్లకు పీకకూడదని రూలుంటే కాగితం మీద ఇప్పించండి సార్. ఊళ్లో చూపిస్తాను."

ఫోను పెట్టేశారు. కాగితం రాదు. అలాంటి రూలు లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మార్చి 10, సోమవారం

మండలాఫీసుకు నోటీసు నేనే తీసుకెళ్లాను. పదిహేను రోజుల గడువు. ఇన్నాళ్లూ పోస్టులో పంపేవాళ్లం.

ఎంపీడీవో జగన్నాధం గారు మర్యాదస్తులు. కూర్చోబెట్టి టీ తెప్పించారు. గదిలో ఏసీ చల్లగా ఉంది. నోటీసు మొత్తం చదివి, నవ్వి, "మాకూ పైనుంచి రావాలి కదమ్మా. రాగానే మొదట మీదే క్లియర్ చేస్తాం. బెన్హర్ గారికి ఇచ్చి రశీదు తీసుకోండి," అన్నారు.

బెన్హర్ బల్ల హాల్లో కిటికీ పక్కన. నోటీసు పెట్టాను. నా వైపు చూడకుండా తీసుకుని, నా కాపీ మీద రౌండు సీలు కొట్టి, కింద సంతకం పెట్టి, బల్ల మీద నా వైపు జరిపాడు. పొద్దున నా క్యారేజీలో నిమ్మకాయ పచ్చడి పెట్టింది ఆ చెయ్యే. హాల్లో కంప్యూటర్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

"థాంక్స్ అండీ," అన్నాను, ఏ ఆఫీసులోనైనా అన్నట్టే.

మార్చి 11, మంగళవారం

ఇంట్లో గొడవ. బొబ్బిలిలో మా వీధంతా విన్నట్టే ఉంది.

"నిన్న మా ఆఫీసులో అందరూ నన్నెలా చూశారో తెలుసా? పోస్టులో పంపలేవూ?" అన్నాడు.

"పోస్టులో వస్తే ఏం చేసేవాడివి?"

"ఫైల్లో పెట్టేవాణ్ని."

"అందుకే తెచ్చాను."

సూపరింటెండెంటు ప్రమోషన్ లిస్టులో తన పేరుందని నాకు తెలుసు కదా అన్నాడు. తెలుసు. జగన్నాధం గారు ఒక్క మాట రాస్తే చాలని కూడా తెలుసు. "నువ్వు ఫ్యూజు పీకినంతమాత్రాన ఎవడు మెచ్చుకుంటాడు నిన్ను? ఆ ఊరోళ్లు రేపు నిన్నే తిడతారు," అన్నాడు.

అత్తయ్య కూర గరిటె పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది. మిషన్ స్కూల్లో ఎలిమెంటరీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన బేబీ టీచరు కొట్లాట ఆపితే ఎవరైనా ఆగాల్సిందే. కానీ ఇవాళ ఆవిడ కొడుకు వైపే మాట్లాడింది. "నీకేటి పట్టిందే షాలినీ? ఊళ్లో ఎంతమంది ఏఈలు నేరు? మొగుడి ఆఫీసు మీదకే ఎల్లాలా?"

మొగుడి ఆఫీసు కాబట్టి వెళ్లడం లేదు. అది బాకీల్లో పెద్దది కాబట్టి, ఊరు దాన్నే అడిగింది కాబట్టి. బెన్హర్ మీద నాకు కోపమేమీ లేదు. రాత్రి అన్నం ఎందుకు తినలేదంటే ఆకలి లేదు.

మార్చి 16, ఆదివారం

చర్చికి వెళ్లాం. ముగ్గురం ఒకే బెంచీ మీద. మధ్యలో అత్తయ్య.

మార్చి 18, మంగళవారం

వరుసగా రాయాలి. లేకపోతే రేపు నేనే వేరేలా గుర్తుపెట్టుకుంటాను.

పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి సీతన్నవలస ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గుమ్మం నిండా కూర్చుని ఉన్నారు. నిన్న సాయంత్రం డివిజన్ ఆఫీసు నుంచి వేరే మనుషులు వచ్చి, ఊరి మంచినీళ్ల పంపుహౌసుకు సర్వీసు వైరు విప్పేశారట. పంచాయతీ బాకీ ఉందని. నాకు కబురు లేదు, నా సంతకం లేదు. ట్యాంకు నిన్ననే ఖాళీ. బోరింగు నీళ్లు తుప్పు వాసన, ఆ ఊళ్లో పశువులు కూడా తాగవు.

"మాటిచ్చినావని ఊరంతా మురిసిపోనాం," అంది తాయారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మండలాఫీసు ఫ్యూజు పీకమంటే మా నీళ్లు పీకినావు. ఇంట్లో పచ్చి బాలింత ఉన్నాది. పిల్లకి నీళ్లు పొయ్యడానికి నేవు."

నేను పీకలేదని చెప్పాను. నమ్మారో లేదో. నేనైతే నమ్మను.

డీఈ గారికి ఫోను చేశాను. పంచాయతీది కూడా బాకీయే కదమ్మా, రూలు అందరికీ ఒకటే అన్నది మీరే కదా అన్నారు. నోటీసు ఇచ్చారా సార్ అంటే, మీటింగులో ఉన్నానన్నారు. అప్పుడర్థమైంది. నీళ్లు ఆగితే ఊరు నామీద తిరగబడుతుంది. మండలాఫీసు సంగతి అందరూ మర్చిపోతారు.

"త్రినాథ్, పద," అన్నాను.

"నిచ్చెన ఊళ్లోనే ఉన్నాది మేడమ్," అన్నాడు.

ఊళ్లోకి వెళ్లగానే నిచ్చెన దానంతటదే వచ్చింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, పెళ్లికి పందిరి రాట తెచ్చినట్టు మోసుకొచ్చారు. త్రినాథ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి దింపాడు. నడుముకు బెల్టు కట్టుకోబోతుంటే ఆపాను. డిసెంబరులో అతని రిటైర్మెంటు. పైవాళ్లు విప్పించిన వైరు తిరిగి కట్టిన చెయ్యి ఎవరిదని రేపు అడుగుతారు.

"నేనెక్కుతాను."

"మీరా? ట్రైనింగులో ఎక్కుంటారు."

"అప్పుడు ఎక్కాను కదా."

చున్నీ నడుముకు బిగించి, అతని గ్లవ్స్ తొడుక్కున్నాను. పెద్దవి, వేళ్ల చివర ఖాళీగా ఉన్నాయి. తాయారు, ఇంకో ఇద్దరు నిచ్చెన పట్టుకున్నారు. సగం ఎక్కాక కిందకు చూడలేదు. త్రినాథ్ కింది నుంచి నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడు, ముందు న్యూట్రల్ మేడమ్, బిగించండి, ఇంకొంచెం, తరవాత రెండోది. నిచ్చెన పట్టుకున్న ఆడవాళ్లు కూడా అతనితో కలిపి "బిగించు, బిగించు" అంటున్నారు. ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ చేతులు ఖాళీ లేవు.

మోటారు ఆడింది. పంపుహౌసు గోడకు చెయ్యి ఆన్చి ఆ చప్పుడు కాసేపు విన్నాను. తాయారు తన పైట కొంగుతో నా మెడ మీద చెమట తుడిచింది.

సబ్‌స్టేషన్ రిజిస్టరులో రాశాను: సీతన్నవలస మంచినీటి సర్వీసు, నోటీసు లేకుండా తొలగించబడినందున, తిరిగి ఇచ్చినది నేను. పేరు పూర్తిగా రాశాను, పొట్టి సంతకం కాదు.

మార్చి 20, గురువారం

మెమో వచ్చింది. పై అధికారుల ఆదేశాలకు విరుద్ధంగా నీటి సర్వీసును ఎందుకు పునరుద్ధరించారో సంజాయిషీ ఇవ్వాలి.

సాయంత్రం బెన్హర్‌కు చూపించాను. చదివి, మడత పెట్టి, బల్ల మీద ఉంచాడు. అప్పుడు అన్నాడు.

"నీళ్లది నేను చెప్పిందే."

మెమో మడత మళ్లీ విప్పాను.

"మొన్న జగన్నాధం గారి గదిలో కూర్చున్నప్పుడు, ఏం చేద్దామయ్యా అన్నారు. పంచాయతీది ముందు పీకితే ఊరోళ్లే ఆవిణ్ని ఆపుతారు సార్ అన్నాను. అక్కడికక్కడే మీ డీఈకి ఫోను చేశారు. నిజంగా చేస్తారని అనుకోలేదు."

"ఆవిణ్ని" అన్నాడు. నన్ను.

అత్తయ్య వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు. బయటికొచ్చి కొడుకును చూసింది. "పచ్చి బాలింత ఉన్న ఇంటికి నీళ్లు ఆపించినావురా బెన్హరూ? నా కొడుకు?" అంది. అంతే. వెళ్లి ప్రార్థన గదిలో కూర్చుంది.

నాకు కోపం లేదు. ఇంతకు ముందు కూడా ఇదే రాశాను. అప్పుడు అబద్ధం.

మార్చి 21

క్యారేజీ నేనే కట్టుకున్నాను.

మార్చి 24, సోమవారం

గడువు ఇవాళ్టితో సరి. మండలాఫీసు నుంచి జవాబు లేదు.

బెన్హర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. గొడవ పడే గొంతుతో కాదు. "రేపొక్కరోజు సెలవు పెట్టు షాలినీ. జ్వరమని చెబుతాను. నీ బదులు ఎవరైనా వస్తారు, వాళ్లు పీకరు, నెల అయిపోతుంది. నీ మెమో కూడా ఏదో ఒకటి మాట్లాడి సర్దుతాను." నా చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి చల్లగా ఉంది. భయపడుతున్నాడు. నా కోసమా, తన కోసమా అని అడగలేదు. అతనికీ తెలిసి ఉండదు.

సెలవు పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. ప్రపంచమేమీ మునిగిపోదు. మండలాఫీసులో ఫేన్లు తిరుగుతాయి. తాయారు మర ఆగే ఉంటుంది. ఆవిడ ఇంకెంతకాలం ఆగగలదు? చివరికి కట్టేస్తుంది. అందరూ కట్టేస్తారు. నేను రోడ్డు మీద కనిపిస్తే పలకరిస్తారు కూడా. అలాగే అన్న మనిషి ఈవిడే అని పిల్లలకు చెప్పరు. అంత అవసరమేముంది.

మాట ఇచ్చాను. అలాగే అంటే మాటే.

రేపు వెళ్తున్నాను.

మార్చి 25, మంగళవారం

పీకాం.

పదకొండింటికి వెళ్లాం. సీతన్నవలస వాళ్లు అప్పటికే రోడ్డుకు అవతల నిలబడి ఉన్నారు, నేను రమ్మనలేదు. జగన్నాధం గారి గదిలోకి వెళ్లి గడువు అయిపోయిందని, కంప్యూటర్లు ఆపుకోమని చెప్పాను. ఈసారి టీ లేదు. "మీరు తొందరపడుతున్నారమ్మా. దీని ఫలితం మీకు తెలియదు," అన్నారు. తెలుసన్నాను.

బయటికొచ్చి గ్లవ్స్ అందుకోబోతే త్రినాథ్ ఇవ్వలేదు. "నీళ్లకి మీరు ఎక్కినారు. ఇది మాత్రం నాకొదిలీండి. ముప్పయ్యేళ్లు పేదోళ్ల ఇళ్లకే ఎక్కినాను," అన్నాడు.

ఫ్యూజులు తీశాడు. ఊరివాళ్లు మోసుకొచ్చిన నిచ్చెన ఎక్కి సర్వీసు వైరు కూడా విప్పాడు; దిగగానే నిచ్చెన మళ్లీ ఊళ్లోకే వెళ్లిపోయింది. లోపల ఫేన్లు ఒక్కసారిగా ఆగవు, మెల్లగా తిరుగుతూ తిరుగుతూ ఆగుతాయి. అది ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. స్టాఫ్ అందరూ వరండాలోకి వచ్చారు. బెన్హర్ రాలేదు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు, తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోతోంది.

జనం చప్పట్లు కొట్టారు. ఒక్క ముసలాయన మాత్రం కర్ర ఊపుతూ నామీదకు వచ్చాడు. "నా పింఛను కాయితం ఆ కంప్యూటర్లో ఉండిపోనాది. మూడు సార్లు తిరిగితే ఇయ్యాల సేస్తామన్నారు. ఇప్పుడే పీకాలేటి నీకు?" తప్పయింది తాతా అన్నాను. "తప్పయితే మళ్లీ ఎట్టీ," అన్నాడు. పెట్టలేను. ఆటో ఎక్కించి పంపాను. నా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. చప్పట్ల కంటే అదే ఎక్కువ గుర్తుంది.

సాయంత్రం మా ఆఫీసు కౌంటరు దగ్గర లైను. గుమ్మం దాటి, సైకిళ్ల స్టాండు దాటి, రోడ్డు దాకా. మొదట తాయారు. కొంగు ముడి విప్పింది. వెనక ఆ వీధి, దాని వెనక ఊరు. మండలాఫీసు ఇంకా ఒక్క రూపాయి కట్టలేదు, వీళ్లు కట్టేస్తున్నారు. పీకితే కడతామన్నారు, పీకాను, కడుతున్నారు.

ఆ లైనుకు కొంచెం దూరంగా బెన్హర్ నిలబడి ఉండటం చూశాను. నాతో ఇంటికి రావడానికి వచ్చి ఉంటాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. బండి మీద ఇద్దరం బొబ్బిలి వచ్చాం.

మార్చి 26, బుధవారం

డీఈ గారు స్వయంగా వచ్చారు. మండలాఫీసుకు కరెంటు వెంటనే ఇవ్వమన్నారు. రాసివ్వండి సార్, ఈ నిమిషమే ఇస్తాను అన్నాను. పెన్ను కూడా అందించాను. తీసుకోలేదు. త్రినాథ్‌ను పిలిచి వైరు కట్టమన్నారు.

"నిచ్చెన నేదు సార్," అన్నాడు త్రినాథ్.

"ఎక్కడుంది?"

"సీతన్నవలసలో ఉండిపోనాది సార్. మనం ఎల్తే ఇస్తారు, అంబలి తాగాల."

నవ్వు ఆపుకోడానికి నేను కిటికీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

మార్చి 27, గురువారం

ఇవాళ బెన్హర్ ఆఫీసు నుంచి తడిసిన చొక్కాతో వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"షాపుల అద్దె డబ్బుంది," అన్నాడు.

బస్టాండు దగ్గర మండల పరిషత్తుకు షాపులున్నాయి. ఆ అద్దె ఆఫీసు ఖర్చులకే. దాంట్లోంచి కట్టొచ్చు, పైనుంచి ఏదీ రానక్కర్లేదు.

"ఎప్పట్నుంచి ఉంది?"

"ఎప్పుడూ ఉంది."

"మరి?"

"ఎవరూ అడగలేదు."

"నేను వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నాను. ఫైల్లో పెట్టావు."

"అడగడం వేరు, పీకడం వేరు," అన్నాడు. "ఆ డబ్బుతో కట్టేద్దామని ఇవాళ ఫైల్లో నోటు పెట్టాను. సంతకం పెట్టమని ఎదురుగా కూర్చున్నాను. జగన్నాధం గారు విసనకర్రతో విసురుకుంటూ, నీ భార్య చెప్పిందా అన్నారు. లేదు సార్, మొన్న సాయంత్రం కౌంటరు దగ్గర లైను చూశాను అన్నాను."

"సంతకం పెట్టారా?"

"ఇంకా లేదు. రేపు కలెక్టరు గారి వీడియో కాన్ఫరెన్సు ఉంది. కరెంటు లేకుండా ఎలా చేస్తారో చూద్దాం."

ప్రమోషన్ సంగతి నేను అడగలేదు. అతనూ ఎత్తలేదు. అత్తయ్య మాత్రం వారం రోజుల తరవాత కొడుక్కి కంచంలో కూర తనే వేసింది.

నీళ్ల సంగతి నేను క్షమించలేదు. రాసిపెట్టుకుంటున్నాను, లేకపోతే క్షమించాననుకుంటాను. కానీ కూర మూడో కంచంలో కూడా పడింది, ముగ్గురం కలిసి తిన్నాం.

మార్చి 28, శుక్రవారం

మధ్యాహ్నం చెక్కు వచ్చింది. సగం బాకీ. మిగతాది నెలనెలా కడతామని కాగితం, జగన్నాధం గారి సంతకంతో. నిచ్చెన కోసం మనిషిని పంపాం. నిచ్చెనతో పాటు అంబలి కూడా వచ్చింది.

సర్వీసు ఇచ్చాక నేను హాల్లోకి వెళ్లి ఆ తాత పింఛను కాగితం అడిగాను. ప్రింటు తీసి, సీలు వేయించి, త్రినాథ్ చేత ఇంటికి పంపాను. తాత తీసుకుని, ముందే చెయ్యొచ్చు కదా అన్నాడట.

మార్చి 31, సోమవారం

టెలికాన్ఫరెన్సులో వసూళ్లు చదివారు. డివిజన్‌లో మా సెక్షన్ మొదటిది. డీఈ గారు నా పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, అభినందనలు అన్నారు. మెమో ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

శ్రీకాకుళం స్టోర్స్‌కు బదిలీ. పరిపాలనా కారణాలు. స్తంభాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు లెక్క చూసుకునే ఉద్యోగం. అక్కడ ఎవరికీ ఫ్యూజు పీకే పని ఉండదు. రెండో మెమో కూడా వచ్చింది, మండలాఫీసుది. రెంటికీ కలిపి వారంలోగా సంజాయిషీ.

ఏడవలేదు. బాత్రూములో కొళాయి విప్పుకుని కాసేపు కూర్చున్నాను.

తరవాత గవర్నమెంటు ఆఫీసుల బాకీల జాబితా తీసి చూశాను. తహసీల్దారు ఆఫీసుకు నోటీసు వెళ్లింది, గడువు ఉంది, నా తరవాత వచ్చేవారికి అప్పగింతల్లో రాశాను. ఆడపిల్లల హాస్టలు, ప్రైమరీ హెల్త్ సెంటరు కూడా బాకీలే. వాటికి నోటీసు ఇవ్వలేదు. అది రూలు కాదు, నా పక్షపాతం. అదీ రాశాను.

ఏప్రిల్ 12, శనివారం

సంజాయిషీ బెన్హర్ రాస్తానన్నాడు. జిల్లాలో అతనంత బాగా డ్రాఫ్టు రాసేవాళ్లు లేరని అంటారు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని గంటసేపు కొట్టి, చదివి వినిపించాడు. బాగుంది. తేదీలు, సెక్షన్లు, అన్నీ ఉన్నాయి. చివర: "జరిగిన దానికి మిక్కిలి చింతిస్తున్నాను. ఇకపై ఇటువంటివి పునరావృతం కావని హామీ ఇస్తున్నాను."

"ఆ రెండూ తీసెయ్," అన్నాను.

"అది ఫార్మాటు షాలినీ. ఎవరైనా అలాగే రాస్తారు. ఆ వాక్యం ఉంటే హెచ్చరికతో వదిలేస్తారు. లేకపోతే ఇంక్రిమెంటు కోస్తారు."

"ఏది పునరావృతం కాదు? నీళ్లివ్వడమా, నోటీసిచ్చి పీకడమా?"

చింతిస్తున్నాను తీసేశాడు. హామీ ఉంచాడు. ఇది కూడా అన్నాను. చాలాసేపు వాదించాడు. ఇంటి లోను, అత్తయ్య మందులు, అన్నీ చెప్పాడు. అన్నీ నిజమే. నాకూ లెక్కలొచ్చు. నేను తీసెయ్యమనే అన్నాను.

"తీసేస్తే చివర ఏం మిగులుతుంది? ఉత్తరం తోక లేకుండా ఉంటుంది."

"పై పనులు రెండూ నేను తెలిసి చేశాను అని రాయి."

నా మొహం చూశాడు. తరవాత కొట్టాడు. ఒక్కొక్క అక్షరం. పైకి చదివాడు: "పై పనులు రెండూ నేను తెలిసి చేశాను." ఇంకోసారి చదివాడు, తన వాక్యమే అన్నట్టు.

"ఇంక్రిమెంటు పోతుంది," అన్నాడు.

"పోనీ."

"సరే. సోమవారం మా ఆఫీసులో ప్రింటు తీసుకొస్తాను. కరెంటుంది కదా."

ముందు అత్తయ్య నవ్వింది. నెల తరవాత ఈ ఇంట్లో నవ్వు.

ఏప్రిల్ 15

సంతకం చేసి ఇచ్చేశాను.

ఏప్రిల్ 17, గురువారం

స్టోర్స్‌లో చేరాను. పెద్ద షెడ్డు, రేకుల కింద నిప్పులు. బెన్హర్ బస్సెక్కిస్తానని వచ్చి శ్రీకాకుళం దాకా వచ్చాడు. గది చూసి, బల్బు మార్చి, సాయంత్రం బస్సుకు వెళ్లాడు. రేపు గుడ్ ఫ్రైడే. ఆదివారం ఈస్టరుకు నేనే వెళ్తాను.

ఇప్పుడే తాయారు ఫోను. సాయంత్రమైతే మర దగ్గర వోల్టేజీ పడిపోతోందట, రాయి తిరగడం లేదట. నేనిప్పుడు అక్కడి ఏఈని కాదని, స్టోర్స్‌లో ఉన్నానని చెప్పాను.

"తెలుసు తల్లీ. త్రినాథ్ సెప్పినాడు. నీకు సెప్తే ఆఫీసోళ్లకి సెప్తావని ఫోను సేసినాను."

చెప్పాను.